ర్యాంగాంగ్ పిల్లల ఎత్తెంత?

2021 జులైలో ఉత్తర కొరియా ఐక్యరాజ్య సమితికి ఒక రిపోర్టు ఇచ్చింది. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో మేం ఎంతవరకు వచ్చాం, ఎక్కడ ఆగిపోయాం అని తమ గురించి తాము రాసుకున్న కాగితం అది. నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకోవడానికి చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

ఈ మాట మా బావతో అంటే, "నీకు వేరే పనేం లేదా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మనకు ఉత్తర కొరియా అంటే యూట్యూబ్ థంబ్‌నెయిల్. ఫలానా హెయిర్ కటింగు చేయించుకోకపోతే కాల్చేస్తారట, నవ్వితే జైలట, ఏడవకపోయినా జైలట. వాటిలో నిజమెంతో కట్టుకథెంతో ఎవరికీ పట్టదు. నిజంగా భయంకరమైన విషయాలు ఆ దేశంలో చాలా ఉన్నాయి గానీ, అవి థంబ్‌నెయిల్‌కి పనికొచ్చేలా ఉండవు. మందు దొరక్క క్షయతో చనిపోయినవాడి మీద ఎవరు వీడియో చేస్తారు?

ముందు ఆ రిపోర్టు ఏమిటో చెప్పాలి. 2015 సెప్టెంబరులో 193 దేశాలు న్యూయార్కులో కూర్చుని 17 లక్ష్యాలు ఒప్పుకున్నాయి. పేదరికం, ఆకలి, ఆరోగ్యం, చదువు, నీళ్ళు, కరెంటు, ఇలా. వాటి కింద 169 ఉపలక్ష్యాలు. గడువు 2030. చేరుకోకపోతే శిక్ష ఏమీ లేదు. అప్పుడప్పుడు ఒక్కో దేశం తనంతట తానే ముందుకొచ్చి, తన పరిస్థితి ఇదీ అని ఒక సమీక్ష సమర్పిస్తుంది. ఎవరి ప్రోగ్రెస్ కార్డు వాళ్ళే నింపుకుని, కింద నాన్న సంతకం కూడా వాళ్ళే పెట్టుకున్నట్టు. మన దేశం కూడా 2017లో ఒకసారి, 2020లో ఒకసారి, 2025లో ఒకసారి ఇలాంటిది ఇచ్చింది. మన వాటిలో ఫొటోలు బాగుంటాయి.

అలాంటి కార్డులో, సొంత సంతకం పెట్టుకునే వీలున్నచోట, ఉత్తర కొరియా ఏం రాసుకుందో చూడండి. 2018లో ధాన్యం దిగుబడి 49 లక్షల 50 వేల టన్నులట. పదేళ్ళలో అంత తక్కువ ఎప్పుడూ లేదట. 2019లో 66 లక్షల 50 వేలకు ఎక్కింది, 2020లో తుపాన్లూ వరదలూ వచ్చి మళ్ళీ 55 లక్షల 20 వేలకు పడిపోయింది. అందుకోవాలనుకున్నది 70 లక్షలు. ఎందుకు అందలేదంటే ప్రకృతి వైపరీత్యాలు, వాటిని తట్టుకునే శక్తి లేకపోవడం, ఎరువులూ సామానూ సరిపోకపోవడం, యంత్రాలు తక్కువ కావడం అని వరసగా రాశారు. వైద్యం దగ్గర కూడా అంతే. సిబ్బంది చాలరు, మందుల ఫ్యాక్టరీలు సాంకేతికంగా వెనకబడి ఉన్నాయి, అత్యవసర మందులు దొరకడం లేదు అని.

ఇది ఏ గూఢచారి సంస్థో చెప్పింది కాదు, పారిపోయి వచ్చినవాళ్ళు చెప్పింది కాదు. ఆ ప్రభుత్వమే తన పేరుతో రాసిన మాట. అదే ఏడాది జనవరిలో పార్టీ మహాసభలో కిమ్ జోంగ్ ఉన్ స్వయంగా, అయిదేళ్ళ ఆర్థిక వ్యూహం దాదాపు ప్రతి రంగంలోనూ లక్ష్యానికి చాలా దూరంలో ఆగిపోయిందని ఒప్పుకున్నాడు. మా చిన్నప్పుడు పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. పొలాలన్నీ అమ్మేశాడు గానీ ఇస్త్రీ మడత నలగనిచ్చేవాడు కాదు. ఆయన ఎవరినీ అప్పు అడగడు. "ఈ ఏడు పంట దెబ్బతింది సుమా" అని ఊరికే నలుగురిలో అంటాడు. విన్నవాళ్ళకు అర్థమవుతుంది. ఈ రిపోర్టు నాకు అచ్చం ఆ మాటలా వినిపించింది.

సరే, నన్ను పెన్సిలు పట్టించింది మాత్రం ధాన్యం లెక్క కాదు. పిల్లల ఎత్తు.

డిగ్రీ అయ్యాక కొన్నాళ్ళు నేను ఇంటింటి సర్వేల్లో పనిచేశాను. పాలమూరు వైపు ఊళ్ళు. మా టీమ్‌తో ఒక హైట్ బోర్డు ఉండేది. నాలుగడుగుల పైనుండే చెక్క పలక, ఒక చివర కదలని అట్ట, ఇంకో చివర జరిగే అట్ట, మధ్యలో సెంటీమీటర్ల టేపు. దాన్ని భుజాన వేసుకుని బస్సెక్కితే కండక్టరు లగేజీ టికెట్ కొట్టేవాడు. రెండేళ్ళు నిండని పిల్లల్ని దానిమీద పడుకోబెట్టి కొలవాలి, నిండినవాళ్ళను నిలబెట్టి కొలవాలి. పడుకోబెట్టినప్పుడు ఒకరు తల పైఅట్టకు ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్ళు నొక్కి పాదాలకు కిందిఅట్ట ఆనించాలి. పిల్ల ఏడుస్తుంది. ఆ ఏడుపులో మిల్లీమీటరు చూసి అంకె గట్టిగా చెప్పాలి, రాసేవాళ్ళు తిరిగి చెప్పాలి.

2013 నవంబరులో ఒక ఇంట్లో తల్లిదండ్రులు పుణెకు పనికి పోయారు. పిల్ల అవ్వ దగ్గర ఉంది. అవ్వ బోర్డును చూసి, "కొలవకు బిడ్డా, దిష్టి తాకుతది. కొలిస్తే ఎదగరు" అంది. ఎలాగో ఒప్పించాను. టీకాల కార్డు ఎలుకలు కొరికేశాయి, పుట్టిన తేదీ ఉండాల్సిన మూల లేదు. "ఎప్పుడు పుట్టిందవ్వా?" అంటే, "ముందటేడు, పీర్ల పండుగ పదొద్దులు ఉందనంగ" అంది. మాకిచ్చిన పండుగల క్యాలెండర్ గదిలో మరిచిపోయి వచ్చాను. పీర్ల పండుగ అప్పుడే, నవంబరు మధ్యలో, అయిపోయింది గదా అనుకుని రెండేళ్ళు వెనక్కి వెళ్ళి, నవంబరు మొదటివారం అని రాసేశాను. అంటే రెండేళ్ళు నిండాయి. నిలబెట్టి కొలిచాను.

ఆ రాత్రి గదిలో ఫారాలు సర్దుతుంటే గుర్తొచ్చింది, పీర్ల పండుగ చాంద్రమానం. ఏడాదికి పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2011లో అది డిసెంబరు మొదట్లో వచ్చింది. అంటే ఆ పిల్ల పుట్టింది నవంబరు చివర్లో. ఇంకా రెండేళ్ళు నిండలేదు. నేను ఆమె వయసు మూడు వారాలు పెంచాను, పడుకోబెట్టాల్సిన పిల్లను నిలబెట్టాను. నిలబెడితే ఎత్తు పడుకున్నప్పటికంటే ముప్పావు సెంటీమీటరు తక్కువ వస్తుంది. రెండు తప్పులూ ఒకే వైపు, ఉన్నదానికంటే ఆ పిల్లను గిడసబారినట్టు చూపించే వైపు. మర్నాడు మళ్ళీ వెళ్ళి కొలిచాం. అవ్వ తిట్టింది గానీ చాయ్ కూడా ఇచ్చింది.

ఇదంతా ఎందుకంటే, వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు నూటికి ఎంతమంది అనే ఆ ఒక్క అంకె ఎలా తయారవుతుందో, ఎక్కడెక్కడ చెడుతుందో నా చేతులకు తెలుసు. అదే అంకె ఉత్తర కొరియాకు కూడా ఉంది. 2017లో అక్కడి కేంద్ర గణాంకాల బ్యూరో, యూనిసెఫ్ సాయంతో, 8,500 ఇళ్ళలో సర్వే చేసింది. అయిదేళ్ళలోపు పిల్లల్లో గిడసబారినవాళ్ళు నూటికి 19.

తెలంగాణలో ఎంతో తెలుసా? 2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 33.1. ఆంధ్రప్రదేశ్‌లో 31.2. తెలంగాణలో అంతకు ముందు సర్వేలో 28 ఉండేది, తగ్గాల్సింది పోయి పెరిగింది.

నేను ఇది చెప్పగానే బావ మొదట అన్న మాట, "వాళ్ళు అబద్ధం రాసుంటారు." ఎవరైనా అనే మాటే. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ ఆ సర్వేలో జిల్లాలవారీ, అంటే వాళ్ళ భాషలో ప్రావిన్సులవారీ లెక్క కూడా ఉంది. రాజధాని ప్యాంగ్యాంగ్‌లో నూటికి 10. ఈశాన్యాన చైనా సరిహద్దులో, పెక్తు కొండ పక్కన ర్యాంగాంగ్ అనే చలి ప్రాంతం ఉంది. ఎత్తైన నేల, బంగాళాదుంపలకు పేరు, వరి పండదు. అక్కడ నూటికి 32.

ఆలోచించండి. మా దేశంలో అందరూ సమానం అని పొద్దున లేస్తే మైకులో చెప్పే ప్రభుత్వం అది. ప్యాంగ్యాంగ్‌లో ఉండాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి, నమ్మకమైన కుటుంబాలకే అది దక్కుతుంది. ఆ ఊరి పిల్లలకూ కొండల మీది పిల్లలకూ మధ్య మూడింతల తేడా ఉందని చెప్పే పట్టికను అదే ప్రభుత్వం అచ్చుకు ఇచ్చింది. అబద్ధం చెప్పాలని కూర్చున్నవాడు అంకెలను నున్నగా చేస్తాడు. అన్ని ప్రావిన్సులకూ పదిహేను, పదహారు వేసి చేతులు దులుపుకుంటాడు. సర్వేల్లో ఇంట్లో కూర్చుని ఫారాలు నింపేవాళ్ళను మేం పట్టుకునేది కూడా అలాగే. వాళ్ళ ఊళ్ళో అందరికీ ఒకేలాంటి కుటుంబం ఉంటుంది.

పైగా ఈ అంకెకు వెనక ఒక దారి ఉంది. 1990ల మధ్యలో ఆ దేశంలో ఘోరమైన కరువొచ్చింది. సోవియట్ యూనియన్ పోయింది, చవక చమురు ఆగింది, ఎరువుల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, పంపులు ఆగాయి, 1995లో వరదలు ముంచాయి. ఎంతమంది చనిపోయారన్నదానిమీద రెండున్నర లక్షల దగ్గర్నుంచి ముప్ఫై లక్షల పైదాకా రకరకాల అంచనాలున్నాయి. ఎవరి అంచనా తీసుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళు మొదటిసారి బయటి ప్రపంచాన్ని నోరు తెరిచి సాయం అడిగింది అప్పుడే. 1998లో అంతర్జాతీయ సంస్థలు పిల్లల్ని కొలిస్తే నూటికి 62 మంది గిడసబారి ఉన్నారు. 2012కి అది 28 అయింది, 2017కి 19. కరువు ముగియడం, సంతల్లో అమ్ముకోవడం మొదలవడం, బయటి తిండి, టీకాలు, నూట ముప్ఫై ఇళ్ళకు ఒక డాక్టరు చొప్పున ఉండే వాళ్ళ పాత పద్ధతి, ఇవన్నీ కలిసి చేసిన పని అని నా అభిప్రాయం.

అయితే నేను ఈ రిపోర్టుకు వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి. అందులో లేనివి ఉన్నవాటికంటే పెద్దవి. ఐరాస లక్ష్యాలను ఉన్నవి ఉన్నట్టు తీసుకోకుండా, తమకు సరిపోయేలా కత్తిరించి 95 ఉపలక్ష్యాలు, 132 సూచికలు చేసుకున్నారు. శాంతి, న్యాయం, జవాబుదారీ సంస్థలు అని చెప్పే 16వ లక్ష్యం వాళ్ళ చేతిలో సోషలిస్టు వ్యవస్థను పటిష్ఠం చేసుకోవడం అయిపోయింది. న్యాయం కాస్తా ప్రభుత్వం అయిపోయిందన్నమాట. చదివినప్పుడు పెన్సిలు గట్టిగానే గీశాను.

2014లో ఆస్ట్రేలియా మాజీ జడ్జి మైకేల్ కిర్బీ అధ్యక్షతన ఐరాస కమిషన్ ఒకటి, ఆ దేశంలో మానవాళిపై నేరాలు జరుగుతున్నాయని తేల్చింది. రాజకీయ ఖైదీల క్యాంపుల్లో 80 వేల నుంచి 1 లక్షా 20 వేలమంది ఉన్నారని అంచనా కట్టింది. ఇప్పుడు మా సర్వే పద్ధతి గుర్తుతెచ్చుకోండి. ఇంటింటి సర్వే అంటే ఇళ్ళలో చేసేది. ఇంటి జాబితాలో లేనిది సర్వేలో ఉండదు. క్యాంపు ఇల్లు కాదు. అక్కడ పుట్టిన పిల్ల ఎవరి హైట్ బోర్డు మీదికీ రాదు. 19 అనే అంకెలో ఒక్క అబద్ధం లేకపోయినా ఆ పిల్లలు అందులో లేరు.

మరి ఎందుకు చదవాలి అంటే, నా వాదన ఇంతే. కాగితం మీద అంకె పడితే దాన్ని పట్టుకుని అడగొచ్చు. ర్యాంగాంగ్‌లో 32 అని నువ్వే రాశావు, దానికేం చేశావు అని. ఏమీ రాయనివాణ్ణి ఏమని అడుగుతాం? వెక్కిరిస్తూ ఉంటే వాళ్ళు రాయడం మానేస్తారు, అప్పుడు మిగిలేది మళ్ళీ థంబ్‌నెయిల్. 2016లో వాళ్ళు వికలాంగుల హక్కుల ఒప్పందం మీద ఆమోదముద్ర వేశారు. మరుసటేడు మేలో ఆ విషయం చూసే ఐరాస ప్రత్యేక ప్రతినిధిని దేశంలోకి రానిచ్చారు. మానవ హక్కుల మండలి తరఫు నిపుణులెవరినైనా రానివ్వడం అదే మొదటిసారి. చిన్న తలుపే, కానీ అది తెరుచుకున్నది వాళ్ళు ఒక కాగితం మీద సంతకం పెట్టినందువల్ల.

(అన్నట్టు, ఇలాంటి సమీక్ష ఇంతవరకు ఒక్కసారి కూడా ఇవ్వని కొద్ది దేశాల్లో అమెరికా ఒకటి. 2025 మార్చిలో ఐరాసలో వాళ్ళ ప్రతినిధి, ఈ లక్ష్యాలను తాము తిరస్కరిస్తున్నామని ప్రకటించాడు కూడా. ఏకాకి ఎవరో అప్పుడప్పుడు తికమకగా ఉంటుంది.)

ఇక రెండో వైపు, అంటే బయటివాళ్ళు చేసింది. అక్కడి నీళ్ళ సంగతి తీసుకుందాం. 2017 సర్వే ప్రకారం సురక్షితమైన తాగునీరు అందేది నూటికి 61 మందికి. ఊళ్ళలో మనుషుల మలాన్ని పొలాలకు ఎరువుగా వాడతారు, రసాయన ఎరువు చాలదు గనక. అది సరిగ్గా మాగకుండా వేస్తే బావిలోకి దిగుతుంది. పిల్లలకు విరేచనాలు పడతాయి, తిన్నది ఒంటికి పట్టదు, ఎత్తు ఆగుతుంది. ఎత్తు అంటే తిండి ఒక్కటే కాదు, బావి కూడా. కరెంటు నమ్మకంగా ఉండదు గనక యూనిసెఫ్ అక్కడ కొండవాలు మీది ఊట నుంచి పైపుల్లో నీళ్ళు తమంతట తామే కిందికి దిగేలా పథకాలు కట్టిస్తూ వచ్చింది. మోటారు అక్కర్లేదు. కానీ పైపు కావాలి, వాల్వు కావాలి, బోల్టు కావాలి.

2017 డిసెంబరులో భద్రతా మండలి 2397వ నంబరు తీర్మానం చేసింది. అణుపరీక్షలకూ ఖండాంతర క్షిపణులకూ శిక్షగా. శుద్ధి చేసిన చమురు ఏడాదికి 5 లక్షల బ్యారెళ్ళకు మించి వెళ్ళకూడదు. యంత్రాలు, విద్యుత్ పరికరాలు, వాహనాలు, ఇనుము, ఇతర లోహాలు, వేటినీ ఆ దేశానికి అమ్మకూడదు. కస్టమ్స్ జాబితాలో ఒక్కో సరుకుకు ఒక్కో అధ్యాయం ఉంటుంది. ఆ అధ్యాయాలకు అధ్యాయాలే మూసేశారు. క్షిపణి భాగమూ ఆ అధ్యాయంలోనే ఉంటుంది, చేతిపంపు భాగమూ ఆ అధ్యాయంలోనే ఉంటుంది. మానవతా సాయానికి మినహాయింపు ఉంది. కానీ ఏ వస్తువు, ఎన్ని, ఏ దారిలో, ఎవరి చేతికి అని రాసి భద్రతా మండలి ఆంక్షల కమిటీకి పెట్టుకోవాలి. మొదట్లో అనుమతి ఆరు నెలలకే చెల్లేది, ఈలోగా ఓడ దొరక్కపోతే మళ్ళీ మొదలు. 2020 చివర్లో దాన్ని తొమ్మిది నెలలు చేశారు. ప్రభుత్వాఫీసులో ఆదాయ ధ్రువపత్రం కోసం తిరిగినవాళ్ళకు ఆ తొమ్మిది నెలల ఉదారత ఎలాంటిదో విడమరిచి చెప్పక్కర్లేదు.

మన దేశం కూడా 2017లోనే ఉత్తర కొరియాతో తిండి, మందులు తప్ప మిగతా వ్యాపారం ఆపేసింది. 2020 జులైలో మాత్రం డబ్ల్యూహెచ్‌ఓ ద్వారా దాదాపు 10 లక్షల డాలర్ల విలువైన క్షయ మందులు పంపడానికి ఒప్పుకుంది. ఆ దేశంలో లక్షమందికి అయిదొందల పైచిలుకు కొత్త క్షయ కేసులు ఏటా వస్తాయన్నది అప్పటి డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. ప్రపంచంలో చాలా ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. క్షయకూ మలేరియాకూ డబ్బిచ్చే గ్లోబల్ ఫండ్ 2018లో అక్కడినుంచి తప్పుకుని, తర్వాత మళ్ళీ వచ్చింది. క్షయ మందు మధ్యలో ఆపితే ఏమవుతుందో మన ఊరి ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. మొండి క్షయ అవుతుంది, మామూలు మందులకు లొంగదు.

ఆంక్షలు ఎత్తేయమంటున్నావా అని అడగొచ్చు. ఆయుధాల మీద ఆంక్షలు ఉండాలనే నేనూ అంటాను. బోల్టుల మీద ఎందుకు అన్నదే నా గొడవ. "పిల్లల తిండి మనం పెడితే వాళ్ళ డబ్బు క్షిపణులకు మిగులుతుంది గదా" అని బావ అన్నాడు. ఈ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొంత నిజమే. కానీ 1990ల్లో తిండి లేనప్పుడు కూడా వాళ్ళు ఆయుధాలు ఆపలేదు, తగ్గించింది పిల్లల కంచంలోదే. మనం పెట్టకపోతే క్షిపణి ఆగుతుందన్న ప్రయోగం ఒకసారి జరిగిపోయింది.

అయితే అసలు తాళం వేసింది బయటివాళ్ళు కాదు. ఈ విషయంలో ప్యాంగ్యాంగ్‌ను వెనకేసుకొచ్చేవాళ్ళంటే నాకు చిరాకు. 2020 జనవరిలో కరోనా పేరు వినగానే వాళ్ళు సరిహద్దులు మూశారు. మనుషులకే కాదు, సరుకుకూ మూశారు. రష్యా దౌత్యవేత్తలు ఇంటికి వెళ్ళడానికి దారిలేక, 2021 ఫిబ్రవరిలో సామానూ పిల్లలనూ ఒక రైలు ట్రాలీ మీద ఎక్కించుకుని, పట్టాల మీద కిలోమీటరుకు పైగా తోసుకుంటూ తుమెన్ నది దాటారు. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. మూడేళ్ళ పిల్ల కూడా ఉంది అందులో. ఆ మార్చిలో ఐరాస విదేశీ సిబ్బందిలో చివరి ఇద్దరు కూడా వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళను తిరిగి రానివ్వలేదు. అంటే జులైలో రిపోర్టు సమర్పించేనాటికి, అందులో రాసింది నిజమో కాదో ఒక ఊరికి వెళ్ళి చూసి రాగల ఐరాస విదేశీ ఉద్యోగి ఆ దేశంలో ఒక్కడూ లేడు. అంతర్జాతీయ సహకారం కావాలని ఒక చేత్తో రాసి, రెండో చేత్తో తలుపు గడియ పెట్టుకున్నారు.

ఫలితం పిల్లల మీద పడింది. కరోనాకు ముందు ఆ దేశంలో టీకాలు దాదాపు అందరికీ అందేవి, నూటికి 95 పైనే. టీకాల డబ్బాలు కూడా సరిహద్దులో ఆగిపోయాక ఆ అంకె కుప్పకూలింది. 2024 సెప్టెంబరులో యూనిసెఫ్ 40 లక్షలకు పైగా డోసులు పంపగలిగింది. టీకా తప్పిపోయిన 8 లక్షల పైచిలుకు పిల్లలకూ, 1 లక్షా 20 వేలమంది గర్భిణులకూ వేయడానికి. ఇందులో ఏ ఆంక్ష పాపమూ లేదు. టీకాలకు ఆంక్ష లేదు.

అప్పటినుంచి అంకెలు కూడా ఆగాయి. 2021 రిపోర్టులో పిల్లల గురించి, నీళ్ళ గురించి ఉన్న మంచి లెక్కలన్నీ 2017 సర్వేవే. ఆ తర్వాత అలాంటి సర్వే బయటికి రాలేదు. జనాభా లెక్క 2008లో జరిగింది, 2 కోట్ల 40 లక్షలమంది. 2018లో జరగాల్సింది జరగలేదు. ఇక్కడ నేను గొంతు పెంచబోయి తగ్గించుకున్నాను. మనకూ చివరి జనగణన 2011ది. 2021లో జరగాల్సింది 2027కు వెళ్ళింది. కారణాలు వేరు, దేశాలు వేరు, కానీ మా పాలమూరు అవ్వ ఊళ్ళో ఇప్పుడెంతమంది ఉన్నారో చెప్పమంటే ప్రభుత్వం ఇంకా ఆ పదిహేనేళ్ళనాటి కాగితమే తీస్తుంది.

వాళ్ళు అసలు ఇదంతా ఎందుకు రాసినట్టు? డబ్బు కోసం అనేది తేలిక జవాబు, తప్పు కూడా కాదు. పారిస్ వాతావరణ ఒప్పందానికి 2016 ఆగస్టులో ఆమోదం తెలిపినప్పుడు, కర్బన ఉద్గారాలు సొంతంగా అయితే 8 శాతం, బయటి సాయం అందితే 40.25 శాతం తగ్గిస్తామన్నారు. ఆ రెండు అంకెల మధ్య ఎడమే వాళ్ళ దరఖాస్తు. అంతకు ముందు చిన్న జలవిద్యుత్ కేంద్రాలు కట్టి, ఉద్గారాలు తగ్గించినందుకు వచ్చే కర్బన క్రెడిట్లు అమ్ముకుందామని ఐరాస పద్ధతిలో రిజిస్టరు కూడా చేయించుకున్నారు. 2018లో ముందొక్, రాసొన్ అనే రెండు చిత్తడి నేలల్ని రామ్సార్ జాబితాలో, అంటే కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో, చేర్చారు. ముందొక్‌కు వలసపక్షులు వస్తాయి. పక్షులకు వీసా అడగరు.

కానీ డబ్బు ఒక్కటే అయితే, గణాంకాల బ్యూరో గుమస్తా ఎవరో ర్యాంగాంగ్ గడిలో 32 అని ఎందుకు ఉంచినట్టు? పది చేసినా ఎవరు అడ్డుకుంటారు? ప్రతి దేశంలోనూ, ఎంత చెడ్డ ప్రభుత్వం కిందనైనా, తప్పు అంకె రాస్తే రాత్రి నిద్రపట్టని మనుషులు కొందరు ఉంటారని నా నమ్మకం. మా సూపర్‌వైజర్ ఒకాయన ఉండేవాడు. మరుగుదొడ్డి ఉందా అన్న ప్రశ్నకు "ఉంది" అని రాసి, అందులో పిడకలు నింపి ఉన్నాయని నేను పక్కన గీకిన మాటను కొట్టేయమని పైనుంచి ఫోనొస్తే, "కొట్టేసినట్టు కనపడాలి, కింద చదవడానికి రావాలి. ఒక్క గీత చాలు" అన్నాడు నాతో. ప్యాంగ్యాంగ్‌లో అలాంటి పని ఎంత ప్రమాదమో మనం ఊహించుకోవాల్సిందే.

2024 జనవరిలో కిమ్ కొత్త పథకం ఒకటి ప్రకటించాడు. ఏటా 20 జిల్లాల్లో చిన్న ఫ్యాక్టరీలు, పదేళ్ళపాటు. స్థానికంగా ప్రజలకు తిండి సరుకుల్లాంటి మామూలు అవసరాలు కూడా తీర్చలేకపోవడం తీవ్రమైన రాజకీయ సమస్య అన్నాడు. అంటే ర్యాంగాంగ్ గడి ఆయన బల్లమీదికి కూడా వెళ్ళిందేమో. ఫ్యాక్టరీలు లేచాయని ఫొటోలొస్తున్నాయి. నాకు ఫ్యాక్టరీ ఫొటో వద్దు. నాలుగడుగుల చెక్క పలక ఒకటి, దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు, పుట్టిన తేదీ అడిగితే గుర్తుచేసుకునే అవ్వ ఒకామె, ఇది చాలు. 2017లో కొలిచిన పిల్లల్లో అందరికంటే చిన్నవాళ్ళు కూడా ఇప్పుడు బళ్ళో ఉంటారు. వాళ్ళ తర్వాత పుట్టినవాళ్ళది ఇంకో తరం.

మొన్న బావ ఫోన్ చేసి అదీ ఇదీ మాట్లాడి, పెట్టేసే ముందు, "ఇంతకీ మన దగ్గర 33 అన్నావు, అది నిజమేనా? ఎవరు కొలిచారు?" అని అడిగాడు. ఉత్తర కొరియా లెక్క చెప్పినప్పుడు ఆయన అడిగింది కూడా ఈ ప్రశ్నే. ఈసారి గొంతులో వెటకారం లేదు. పీర్ల పండుగ కథ చెప్పడం మొదలుపెట్టాను.